ఫోర్క్ చేసిన తర్వాత వెయిట్ సరిగా రాయడం ఎలా?

"చైల్డ్ 1తో ఎగ్జిట్ అయితే స్టేటస్ 256 అని ఎందుకు వస్తోంది?", "పీఎస్‌లో డిఫంక్ట్ అని కనిపిస్తున్న ప్రాసెస్ కిల్ -9 ఇచ్చినా ఎందుకు పోవడం లేదు?", "పేరెంట్ వెయిట్ దగ్గరే ఉండిపోయింది, కదలడం లేదు, ఎందుకు?" లినక్స్‌లో సీ భాషతో ప్రోగ్రాములు రాసేవారు, ముఖ్యంగా ఇంజినీరింగ్ కాలేజీలోని ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ దాటి మొదటిసారి సొంతంగా ఒక షెల్లో, సర్వరో రాయబోయేవారు పదే పదే అడిగే ప్రశ్నలు ఇవే. ఫోర్క్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, అంటే ప్రాసెస్, తన నకలును పుట్టించే సిస్టమ్ కాల్; పుట్టించినది పేరెంట్, పుట్టినది చైల్డ్. వెయిట్ అంటే ఆగడం మాత్రమే అనుకోవడం వల్లనే ఈ మూడు చిక్కులూ వస్తాయి. చైల్డ్ ఎలా ముగిసిందో కెర్నల్ దాచి ఉంచిన సమాచారాన్ని తీసుకుని, ఆ ప్రాసెస్ పేరిట మిగిలిన చివరి ఖాతాను మూసివేయడమే వెయిట్ చేసే అసలు పని. ఆ సమాచారం ఇంకా సిద్ధం కానప్పుడు మాత్రమే పేరెంట్ ఆగుతుంది. కాబట్టి ఫోర్క్ రాసిన ప్రతిచోటా, ఆ చైల్డ్ స్టేటస్‌ను ఏ వాక్యం తీసుకుంటుందో వేలు పెట్టి చూపగలిగేలా ప్రోగ్రామ్ ఉండాలి.

కావలసినవి

ఏదైనా లినక్స్ యంత్రం, జీసీసీ కంపైలర్, రెండు టెర్మినల్ కిటికీలు ఉంటే చాలు. విండోస్‌లో ఉన్నవారు డబ్ల్యూఎస్‌ఎల్ 2లో చేయవచ్చు. పీఎస్, టైమ్ కమాండ్లు సాధారణంగా ముందే ఉంటాయి. ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపే ఎస్‌ట్రేస్‌ను చాలా డిస్ట్రోలలో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మాన్యువల్ 2వ విభాగంలోని వెయిట్ పేజీని ఒక కిటికీలో తెరిచి ఉంచండి. కింద చెప్పే మాక్రోల, ఆప్షన్ల స్పెల్లింగ్ అంతా ఆ ఒక్క పేజీలోనే దొరుకుతుంది.

1. ఫోర్క్ ఇచ్చే మూడు ఫలితాలనూ విడివిడిగా రాయండి

ఫోర్క్ చైల్డ్‌లో 0ను, పేరెంట్‌లో చైల్డ్ పిఐడిని (ప్రాసెస్‌కు కెర్నల్ ఇచ్చే సంఖ్యను) ఇస్తుంది. విఫలమైతే చైల్డ్ పుట్టదు, పేరెంట్‌కు -1 వస్తుంది. మొదటి రెండింటికీ అందరూ కోడ్ రాస్తారు, మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు.

హెచ్చరిక: ఆ -1ను పిఐడి వేరియబుల్‌లోనే ఉంచి, తర్వాత ఎక్కడో ఆ వేరియబుల్‌ను కిల్ సిస్టమ్ కాల్‌కు ఇస్తే, సిగ్నల్ పంపడానికి మీకు అనుమతి ఉన్న ప్రాసెస్‌లన్నిటికీ దాదాపుగా ఆ సిగ్నల్ వెళుతుంది. రూట్‌గా నడుస్తున్న ప్రోగ్రామ్‌లో ఇలా జరిగితే యంత్రంలో మిగిలేది చాలా తక్కువ. అదే -1ను వెయిట్‌పిడ్‌కు ఇస్తే "ఏ చైల్డ్ అయినా సరే" అని అర్థం. రెండు సందర్భాలలోనూ తప్పు బయటపడేది ఫోర్క్ దగ్గర కాదు, దానికి ఎంతో దూరంలో.

2. చైల్డ్ ఎక్కడ ముగుస్తుందో మీరే రాయండి

చైల్డ్ భాగం చివర అండర్‌స్కోర్ ఎగ్జిట్‌ను తప్పకుండా పిలవండి. ఎగ్జెక్ (అదే ప్రాసెస్‌లో వేరే ప్రోగ్రామ్‌ను ఎక్కించే కాల్) పిలుస్తున్నా సరే, దాని కింది వరుసలోనే అండర్‌స్కోర్ ఎగ్జిట్‌కు 127 ఇచ్చి ఉంచండి. ఎగ్జెక్ విజయవంతమైతే ఆ వరుస ఎప్పటికీ నడవదు. కమాండ్ పేరు తప్పయి ఎగ్జెక్ విఫలమైతే, చైల్డ్ పేరెంట్ కోడ్‌లోకి జారిపోకుండా ఆ వరుసే ఆపుతుంది.

ఈ ఒక్క వరుస లేకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. లూప్ మూడుసార్లు తిరిగి, ప్రతిసారీ ఫోర్క్ చేసి, చైల్డ్ ముగియకపోతే, ఆ చైల్డ్ కూడా మిగిలిన లూప్‌ను కొనసాగిస్తుంది. మీరు కోరింది ముగ్గురు పిల్లలను. చివరికి ఉండేవి పేరెంట్‌తో కలిపి 8 ప్రాసెస్‌లు.

ప్రింట్‌ఎఫ్ వాడేవారికి ఇంకో జాగ్రత్త. ఫోర్క్‌కు ముందు బఫర్‌లో (బయటికి రాసేలోపు అక్షరాలు ఆగే చోట) మిగిలిన అక్షరాలు రెండు ప్రాసెస్‌లకూ నకలు అవుతాయి. టెర్మినల్‌పై ఒక్కసారే కనిపించిన వాక్యం, అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్లించగానే రెండుసార్లు కనిపించడానికి కారణం ఇదే: కొత్త వరుస రాగానే టెర్మినల్‌కు రాసే బఫర్ ఖాళీ అవుతుంది, ఫైల్‌కు రాసేది కాదు. ఫోర్క్‌కు ముందు ఎఫ్‌ఫ్లష్ పిలవండి. అండర్‌స్కోర్ ఎగ్జిట్ బఫర్లను ఖాళీ చేయదు కాబట్టి, చైల్డ్ తాను ఏదైనా ప్రింట్ చేసి ఉంటే, ముగిసే ముందు అక్కడ కూడా ఎఫ్‌ఫ్లష్ పిలవాలి.

3. ఒక్క చైల్డ్ కోసం వెయిట్‌పిడ్ పిలవండి

వెయిట్ కన్నా వెయిట్‌పిడ్‌నే మొదటి నుంచీ అలవాటు చేసుకోవడం మేలని నా అభిప్రాయం. చైల్డ్ ఒక్కటే ఉన్నప్పుడు రెండింటికీ తేడా లేదు గానీ, రెండోది పుట్టిన రోజున వెయిట్ రాసినవారు కోడ్ అంతా మార్చుకోవాల్సి వస్తుంది. మొదటి ఆర్గ్యుమెంట్‌గా చైల్డ్ పిఐడిని, రెండోదిగా ఒక ఇంట్ వేరియబుల్ అడ్రస్‌ను, మూడోదిగా 0ను ఇవ్వండి.

అది ఇచ్చే విలువను తప్పక చూడండి. పిఐడి వస్తే పని పూర్తయింది. -1 వస్తే, విఫలమైన కారణం ఉండే ఎర్‌నో చూడాలి. ఈఐఎన్‌టీఆర్ అయితే, ఆగి ఉండగా మధ్యలో ఏదో సిగ్నల్ హ్యాండ్లర్ నడిచిందని అర్థం. చైల్డ్ ఇంకా అలాగే ఉంది కాబట్టి మళ్లీ పిలవాలి. ఈచైల్డ్ (ECHILD) అయితే తీసుకోవడానికి అలాంటి చైల్డ్ లేదు: ముందే ఎవరో తీసేసుకున్నారు, లేదా ఆ పిఐడి మీ చైల్డ్‌ది కాదు. మనవల కోసం వెయిట్ చేయడం కుదరదు. మీ చైల్డ్ ఫోర్క్ చేసిన ప్రాసెస్ స్టేటస్‌ను మీ చైల్డే తీసుకోవాలి.

అరుదైనదే అయినా తల తిప్పే సందర్భం ఒకటి ఉంది. మీ ప్రోగ్రామ్‌ను ప్రారంభించినవారు సిగ్‌చైల్డ్‌ను (చైల్డ్ ముగిసిందని చెప్పే సిగ్నల్‌ను) ఇగ్నోర్‌లో పెట్టి ఉంటే, లినక్స్‌లో ఆ అమరిక ఎగ్జెక్ తర్వాత కూడా కొనసాగుతుంది. అప్పుడు మీ కోడ్‌లో తప్పేమీ లేకపోయినా వెయిట్‌పిడ్ ఈచైల్డ్ ఇస్తుంది. ఇతరులు నడిపే ప్రోగ్రామ్ రాస్తున్నట్లయితే, మొదట్లోనే సిగ్‌చైల్డ్‌ను డిఫాల్ట్‌కు మార్చుకోండి.

4. స్టేటస్‌ను మాక్రోలతోనే చదవండి

256 ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ఆ ఇంట్‌లో ఉన్నది ఎగ్జిట్ కోడ్ ఒక్కటే కాదు, సిగ్నల్ వివరం కూడా అందులోనే కలిసి ఉంటుంది. లినక్స్‌లో ఎగ్జిట్ కోడ్ రెండో బైట్‌లో కూర్చుంటుంది కాబట్టి 1 అనేది 256గా, 3 అనేది 768గా కనిపిస్తుంది. అలాగని 256తో భాగించి పని కానిచ్చుకోవద్దు.

ముందు డబ్ల్యూఇఫ్‌ఎగ్జిటెడ్ మాక్రోతో అది తనంతట తాను ముగిసిందా అని అడగండి. అవును అయితేనే డబ్ల్యూఎగ్జిట్‌స్టేటస్‌తో కోడ్ తీసుకోండి. కాకపోతే డబ్ల్యూఇఫ్‌సిగ్నల్డ్ అడిగి, డబ్ల్యూటర్మ్‌సిగ్‌తో ఏ సిగ్నల్ చంపిందో తెలుసుకోండి. ఈ వరుసను దాటవేసి నేరుగా డబ్ల్యూఎగ్జిట్‌స్టేటస్ పిలిచేవారి ప్రోగ్రామ్‌లో, సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో చచ్చిన చైల్డ్ కూడా 0తో చక్కగా ముగిసినట్లు కనిపిస్తుంది. నేను చూసిన కోడ్‌లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే తప్పు ఇదే, ఎందుకంటే ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, లాగ్‌లో ఏమీ పడదు.

ఎగ్జిట్ కోడ్‌లో 8 బిట్లే మిగులుతాయి. ఎగ్జిట్‌కు -1 ఇస్తే పేరెంట్‌కు 255 అందుతుంది. 256 ఇస్తే 0 అందుతుంది. చైల్డ్ నుంచి ఒక మొత్తాన్నో, లెక్కనో ఎగ్జిట్ కోడ్ ద్వారా పంపాలని చూసేవారు ఇక్కడే దెబ్బతింటారు. దానికి పైప్ (ఒక ప్రాసెస్ రాసింది మరొకటి చదివే దారి) వాడాలి.

5. చైల్డ్‌లు చాలా ఉంటే, ముందు అన్నిటినీ పుట్టించి తర్వాత వెయిట్ చేయండి

ఒక లూప్‌లో ఫోర్క్‌లు, రెండో లూప్‌లో వెయిట్‌లు ఉండాలి. ఫోర్క్ లూప్ లోపలే వెయిట్ రాస్తే, మొదటి చైల్డ్ ముగిసేదాకా రెండోది పుట్టదు. సమాంతరంగా నడవాల్సిన పని వరుసలో నిలబడుతుంది.

దీన్ని కళ్లారా చూడటం సులువు. వరుసగా 2, 3, 4 సెకన్లు నిద్రపోయే మూడు చైల్డ్‌లను పుట్టించి, ప్రోగ్రామ్‌ను టైమ్ కమాండ్‌తో నడపండి. సుమారు 4 సెకన్లు వస్తే సరిగా ఉంది. సుమారు 9 వస్తే వెయిట్ తప్పు లూప్‌లో ఉంది.

రెండో లూప్‌లో వెయిట్‌పిడ్‌కు -1 ఇస్తే, ఎవరు ముందు ముగిస్తే వారి పిఐడి వస్తుంది. పుట్టిన క్రమంలోనే వస్తాయని అనుకోవద్దు. పిఐడిలను ఒక పట్టికలో ఉంచుకుని, వచ్చిన పిఐడి ఏ పనిదో అందులో వెతకండి. -1, ఈచైల్డ్ వచ్చినప్పుడు లూప్ ముగించండి. ఆ సందర్భంలో ఈచైల్డ్ తప్పు కాదు, "ఇక ఎవరూ లేరు" అన్న సమాచారం.

6. పేరెంట్‌కు వేరే పని ఉంటే ఆగకుండా అడగండి

సర్వర్ లాంటి ప్రోగ్రామ్ వెయిట్‌లో కూర్చోలేదు. వెయిట్‌పిడ్ మూడో ఆర్గ్యుమెంట్‌గా డబ్ల్యూనోహ్యాంగ్ ఇస్తే, ముగిసిన చైల్డ్ ఉంటే దాని పిఐడి వస్తుంది; చైల్డ్‌లు ఉన్నా ఏదీ ముగియకపోతే 0 వస్తుంది. ఈ 0ను విజయమనుకుని స్టేటస్ చదవకండి, అందులో ఏమీ రాసి ఉండదు.

ఎప్పుడు అడగాలో తెలియడానికి, చైల్డ్ ముగిసినప్పుడు పేరెంట్‌కు వచ్చే సిగ్‌చైల్డ్ సిగ్నల్‌కు సిగ్‌యాక్షన్‌తో హ్యాండ్లర్ పెట్టండి. హ్యాండ్లర్ రాసేటప్పుడు మూడు విషయాలు వదలకూడదు.

మొదటిది, వెయిట్‌పిడ్‌ను లూప్‌లో, 0 గానీ -1 గానీ వచ్చేదాకా పిలవాలి. మామూలు సిగ్నళ్లు క్యూలో నిలబడవు. హ్యాండ్లర్ నడుస్తుండగా మూడు చైల్డ్‌లు ముగిసినా, తర్వాత ఒక్క సిగ్‌చైల్డే అందవచ్చు. ఒక సిగ్నల్‌కు ఒక వెయిట్ అని లెక్కేసి రాసిన సర్వర్, పరీక్షించేటప్పుడు బాగానే నడిచి, రద్దీ పెరిగిన రోజున జాంబీలతో (ముగిసినా స్టేటస్ ఎవరూ తీసుకోని ప్రాసెస్‌లతో) నిండుతుంది.

రెండోది, హ్యాండ్లర్ మొదట్లో ఎర్‌నోను దాచి చివర తిరిగి పెట్టాలి, లేకపోతే అప్పుడే విఫలమైన మరో సిస్టమ్ కాల్ కారణం చెరిగిపోతుంది. హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్, మ్యాలక్ వద్దు. వెయిట్‌పిడ్ మాత్రం అక్కడ సురక్షితమే.

మూడోది కొంచెం లోతైనది. ఫోర్క్ నుంచి వచ్చిన పిఐడిని మీరు పట్టికలో రాసేలోపే చైల్డ్ ముగిసి, హ్యాండ్లర్ నడిచి, పట్టికలో లేని పిఐడి కోసం వెతికి ఊరుకోవచ్చు. ఆ తర్వాత మీరు చచ్చిన పిఐడిని పట్టికలో చేర్చి, రాని వార్త కోసం ఎదురుచూస్తారు. ఫోర్క్‌కు ముందు సిగ్‌ప్రాక్‌మాస్క్‌తో సిగ్‌చైల్డ్‌ను అడ్డుకుని, పట్టికలో రాశాక విడిచిపెట్టండి. చైల్డ్‌కు కూడా ఆ మాస్క్ సంక్రమిస్తుంది కాబట్టి, ఎగ్జెక్‌కు ముందు చైల్డ్‌లో కూడా దాన్ని విడిచిపెట్టాలి.

ప్రత్యామ్నాయం: మీకు స్టేటస్ అక్కరే లేకపోతే సిగ్‌చైల్డ్‌ను ఇగ్నోర్‌లో పెట్టండి; చైల్డ్‌లు జాంబీలు కాకుండానే తొలగిపోతాయి. కానీ ఆ తర్వాత అదే ప్రోగ్రామ్‌లో సిస్టమ్ ఫంక్షన్, పీక్లోజ్ -1 ఇవ్వడం మొదలుపెడతాయి, ఎందుకంటే అవి లోపల వెయిట్ చేసేవే. హ్యాండ్లర్‌లో -1తో అందరి స్టేటస్ తీసుకున్నా పీక్లోజ్‌కు ఇదే గతి పట్టవచ్చు. లైబ్రరీలు మీకు తెలియకుండా ఫోర్క్ చేసే ప్రోగ్రామ్‌లో, మీ పిఐడిలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి అడగడమే మర్యాద.

7. పైప్ ఉంటే, ముందు చదవండి, తర్వాతే వెయిట్ చేయండి

పేరెంట్ కదలకుండా ఉండిపోయిందని వచ్చే ఫిర్యాదులలో చాలావాటికి ఇదే కారణం. లినక్స్‌లో పైప్ పరిమాణం మామూలుగా 65536 బైట్లు. చైల్డ్ అంతకన్నా ఎక్కువ రాయబోతే, ఎవరైనా చదివేదాకా రైట్ దగ్గర ఆగుతుంది. పేరెంట్ చదవకుండా వెయిట్‌లో ఉంటే, చైల్డ్ ముగియదు, పేరెంట్ కదలదు. చిన్న ఇన్‌పుట్‌తో పరీక్షించినంతకాలం అంతా బాగుంటుంది.

ఫోర్క్ అయిన వెంటనే పేరెంట్‌లో పైప్ రాసే చివరను మూసేయండి, రీడ్ 0 ఇచ్చేదాకా చదవండి, ఆ తర్వాత వెయిట్‌పిడ్ పిలవండి. రాసే చివరను మూయడం మరిస్తే రీడ్‌కు 0 ఎప్పటికీ రాదు: ఆ పైప్‌లో రాయగలిగిన ప్రాసెస్ ఇంకా ఒకటి మిగిలి ఉంది, అది మీరే. పరీక్షించేటప్పుడు చైల్డ్‌తో కావాలనే లక్ష బైట్లు రాయించి చూడండి.

8. గడువు పెట్టాలంటే

వెయిట్‌పిడ్‌కు టైమ్‌ఔట్ ఆర్గ్యుమెంట్ లేదు. డబ్ల్యూనోహ్యాంగ్‌తో అడిగి, కొన్ని మిల్లీసెకన్లు నిద్రపోయి, మళ్లీ అడగడం సులువైన దారి. లినక్స్ 5.3 నుంచి ఉన్న పిడ్‌ఎఫ్‌డీ ఓపెన్‌తో చైల్డ్‌కు ఒక ఫైల్ డిస్క్రిప్టర్ తీసుకుని, దాన్ని పోల్‌కు గడువుతో ఇవ్వడం శుభ్రమైన దారి.

గడువు దాటితే ముందు సిగ్‌టర్మ్ పంపండి, కొంత వ్యవధి ఇవ్వండి, అప్పటికీ ముగియకపోతే సిగ్‌కిల్ (సిగ్నల్ 9) పంపండి, ఆ తర్వాత మళ్లీ వెయిట్‌పిడ్ పిలవండి. ఈ చివరి మాటను చాలామంది మరిచిపోతారు; కిల్ ప్రాసెస్‌ను చంపుతుంది గానీ దాని స్టేటస్‌ను తీసుకోదు. దీనికి తలకిందులైన తప్పు కూడా ఉంది: ఒకసారి వెయిట్‌పిడ్ విజయవంతమయ్యాక ఆ పిఐడికి కిల్ పంపకూడదు, ఎందుకంటే కెర్నల్ ఆ సంఖ్యను అప్పటికే ఇంకెవరికో ఇచ్చి ఉండవచ్చు.

సరిగా చేశారో లేదో చూసుకోవడం

రెండో టెర్మినల్‌లో పీఎస్‌కు పిఐడి, పేరెంట్ పిఐడి, స్టేట్, కమాండ్ నిలువు వరుసలు అడిగి చూడండి. వెయిట్‌లో ఉన్న పేరెంట్‌కు స్టేట్ ఎస్ అని ఉంటుంది. చైల్డ్‌కు జడ్ అని ఉంటే అది ముగిసింది, స్టేటస్ మాత్రం ఎవరూ తీసుకోలేదు. క్షణంపాటు జడ్ కనిపించడం సహజమే. నిమిషం తర్వాత కూడా అదే పిఐడి ఉంటేనే తప్పు. నమ్మకం కుదరడానికి ఒకసారి కావాలనే వెయిట్‌ను తీసేసి, పేరెంట్‌ను 60 సెకన్లు నిద్రపుచ్చి జాంబీని పుట్టించండి. దాన్ని ఒకసారి చూసినవారు తర్వాత గుర్తుపట్టడంలో పొరబడరు.

ఎస్‌ట్రేస్‌ను ఎఫ్ ఆప్షన్‌తో, ప్రాసెస్ కాల్స్‌కు మాత్రమే పరిమితం చేసి నడిపితే ఫోర్క్‌లు, వెయిట్‌లు, ఎగ్జిట్‌లు వరుసగా కనిపిస్తాయి. మీరు రాసిన ఫోర్క్ అందులో క్లోన్ పేరుతో, వెయిట్‌పిడ్ వెయిట్4 పేరుతో కనిపిస్తే కంగారు పడకండి, సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ లోపల పిలిచేది వాటినే. పుట్టిన పిఐడిలనూ, వెయిట్ ఇచ్చిన పిఐడిలనూ పక్కపక్కన రాసి సరిచూడండి. చివరగా, ఒక చైల్డ్ నిద్రలో ఉండగా బయటి నుంచి దానికి సిగ్‌కిల్ పంపి, మీ ప్రోగ్రామ్ "సిగ్నల్ 9తో ముగిసింది" అని చెబుతుందో, "కోడ్ 0" అని చెబుతుందో చూడండి.

ఇప్పటికే పేరుకుపోయిన జాంబీలను ఏం చేయాలి?

పీఎస్‌లో డిఫంక్ట్ అని కనిపించే జాంబీ అప్పటికే చనిపోయిన ప్రాసెస్, కాబట్టి కిల్ -9 పంపే సిగ్‌కిల్‌కు చంపడానికి అక్కడ ఏమీ లేదు. దాని మెమరీ ఎప్పుడో విడుదలైంది. మిగిలింది ప్రాసెస్ పట్టికలో ఒక వరుస, పోస్టాఫీసులో సంతకం కోసం ఆగిన రిజిస్టర్ ఉత్తరంలా. అయినా తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ప్రతి జాంబీ ఒక పిఐడిని పట్టుకుని ఉంటుంది, యూజర్‌కు ఉన్న ప్రాసెస్‌ల పరిమితిలో కూడా లెక్కకు వస్తుంది. పిఐడిల గరిష్ఠ పరిమితి చాలాకాలం డిఫాల్ట్‌గా 32768 ఉండేది. 64-బిట్ కెర్నల్‌లో దాన్ని 4194304 వరకు పెంచవచ్చు. పరిమితి నిండాక కొత్త ఫోర్క్ ఈఎగెయిన్‌తో విఫలమవుతుంది.

పీఎస్‌లో దాని పేరెంట్ పిఐడిని చూసి, ఆ పేరెంట్ కోడ్‌ను సరిచేయండి. అది మీ చేతిలో లేకపోతే పేరెంట్‌ను ఆపండి; అప్పుడు జాంబీలను సాధారణంగా పిఐడి 1 (యంత్రంలో అన్నిటికన్నా ముందు మొదలయ్యే ప్రాసెస్) దత్తత తీసుకుని తొలగిస్తుంది.

డాకర్ కంటైనర్‌లో మాత్రం పిఐడి 1 సాధారణంగా మీ అప్లికేషనే. అనాథలైన ప్రాసెస్‌లు దాని దగ్గరకే వస్తాయి, వాటికి వెయిట్ చేయాలని ఆ అప్లికేషన్‌కు తెలియదు. డాకర్ రన్‌కు ఇనిట్ ఆప్షన్ ఇస్తే టినీ అనే చిన్న ప్రోగ్రామ్ పిఐడి 1గా కూర్చుని ఆ పని చేస్తుంది.

సీ కాకుండా వేరేచోట

బాష్‌లో ఆర్గ్యుమెంట్ లేకుండా వెయిట్ రాస్తే బ్యాక్‌గ్రౌండ్ పనులన్నీ ముగిసేదాకా ఆగుతుంది గానీ, అవన్నీ విఫలమైనా 0 ఇస్తుంది. ప్రతి పని పిఐడిని డాలర్ ఆశ్చర్యార్థకం నుంచి వేరియబుల్‌లో దాచి, ఒక్కొక్కదానికీ విడిగా వెయిట్ చేయండి. షెల్‌లో 128 దాటిన కోడ్ సాధారణంగా సిగ్నల్‌ను సూచిస్తుంది: 137 అంటే సిగ్‌కిల్, 143 అంటే సిగ్‌టర్మ్, 139 అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్.

పైథాన్ సబ్‌ప్రాసెస్‌లో పైప్ పెట్టినప్పుడు వెయిట్ కాకుండా కమ్యూనికేట్ వాడండి. 7వ మెట్టులో చెప్పిన చిక్కు అక్కడ కూడా అలాగే ఉంటుంది. రిటర్న్‌కోడ్ -9 అని వస్తే ఆ చైల్డ్ సిగ్నల్ 9తో చనిపోయిందని చదవాలి.